మళ్ళీ రమ్మన్నారు

మా అమ్మమ్మ బైబిలు స్త్రీ. ఇప్పటి పిల్లలకు ఈ ఉద్యోగం పేరు తెలియదు గానీ, గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల పాత లూథరన్, బాప్టిస్టు కుటుంబాల్లో అడిగి చూస్తే ఓ నాయనమ్మో, ఓ మేనత్తో ఈ పని చేసినవాళ్ళు తప్పకుండా ఉంటారు. పాస్టరుగారు గుడిలో వాక్యం చెప్పేవారు. ఉపదేశి పల్లెలో బడి నడిపేవాడు. బైబిలు స్త్రీ మాత్రం గుడికి రాని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి. పొద్దున మగవాళ్ళు పొలానికో కచేరీకో పోయి, ఆడవాళ్ళకు వంటపని కాస్త తెమిలాక, ఆ వేళకు వాకిట్లో నిలబడి "అమ్మగారూ, ఉన్నారా?" అని పిలవాలి. రమ్మంటే కూర్చోవాలి, వద్దంటే పక్కింటికి పోవాలి.

మాది రేపల్లె తాలూకా. కృష్ణమ్మ సముద్రంలో కలవబోయే చోట ఇవతలి ఒడ్డు. అవతలి ఒడ్డు దివిసీమ. అమ్మమ్మకు చిన్నవయసులోనే భర్త పోయాడు. చంకలో మా అమ్మ. పుట్టింటివాళ్ళు మళ్ళీ పెళ్ళి చేస్తామన్నారు. మిషన్ దొరసాని ఒకామె రాజమండ్రి బైబిలు బడికి పంపుతానంది. అమ్మమ్మ రాజమండ్రి వెళ్ళి చదువుకొని వచ్చి, 1930ల నడుమ మొదలుపెట్టి మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగింది. నేను పుట్టింది 1958లో. ఆమె సంచి మోసే వయసు నాకు వచ్చేసరికి అవి ఆమె ఉద్యోగానికి చివరి ఏళ్ళు. వేసవి సెలవులిస్తే చాలు, ఆమె గొడుగు నీడలో నేనూ బయల్దేరేదాన్ని.

ఆ సంచిలో అట్టలేని పల్చటి పుస్తకాలుండేవి. మత్తయి విడిగా, లూకా విడిగా, యోహాను విడిగా కుట్టిన సువార్త భాగాలు. కొద్దిపాటి పైసలకు అమ్మేది. రంగుల పటాల చుట్ట ఒకటి. ఓ పలక, నాలుగు బలపాలు. టింక్చరు సీసా, పుళ్ళకు రాసే ఊదారంగు మందు, బోరిక్ పొడి, పాత పంచెలు చింపి ఉడకబెట్టి ఆరేసి మడిచిన కట్లు. అడుగున లేసు అల్లే సూది, దారపు ఉండ. ఏ ఇంట్లో ఏది బయటికి తీస్తుందో ముందుగా చెప్పలేం. పసిబిడ్డ చెవిలో చీము కారుతుంటే ఆ పూట సంచిలోంచి పుస్తకం బయటికి వచ్చేది కాదు. చెవి తుడిచి, మందు వేసి, "రేపు మళ్ళీ చూస్తా" అని లేచేది. నేను తర్వాత నర్సునయ్యాను. కట్టు కట్టడం నాకు మొదట నేర్పింది నర్సింగు స్కూలు కాదు, ఆ సంచి.

కరణంగారి ఇంటి గురించి చెప్పాలి. ఆ ఇంట్లో కరణంగారి అక్కగారు ఉండేవారు. మేం మామ్మగారనేవాళ్ళం. ఊహ తెలియని వయసులో పెళ్ళి, పెద్దమనిషి కాకముందే వైధవ్యం. తల మీద తెల్లటి ముసుగు, రోజుకు ఒంటిపూట భోజనం, వంటిల్లు, పెరటి బావి, తులసికోట. ఆమె లోకం అంతే. అమ్మమ్మ ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తలో వీధి అరుగు మీద కూడా కాదు, మెట్టు కింద కూర్చునేదట. కొన్నేళ్ళకు అరుగు మీదికి వచ్చింది. నేను వెంట వెళ్ళే కాలానికి నడవ దాకా చేరింది. మేం లేచి వచ్చాక మేం కూర్చున్న చోట పసుపునీళ్ళు చల్లేవాళ్ళు. వీధి మలుపు తిరిగేలోపు చెంబు చప్పుడు వినబడేది. నాకు ఏడుపొచ్చేది. ఓసారి అడిగేశాను, ఎందుకే ఆ ఇంటికి పోవడం అని.

"నీళ్ళు చల్లేది ఆ ఇంటి పెద్దామె. పలక దిద్దేది మామ్మగారు. నేను పోయేది దిద్దే మనిషి కోసం" అంది.

ఆ పలక మీద మామ్మగారు నలభై దాటాక అక్షరాలు దిద్దారు. చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతున్నట్టు కూర్చునేవారు. బియ్యం మీద వేలితో రాసేవారు. ఎవరైనా వస్తే చేత్తో చెరిపేసేవారు. కూడబలుక్కొని చదవడం వచ్చాక ఆమె మొదట పట్టుకున్నది మా సువార్త కాదు, వాళ్ళింటి పోతన భాగవతం. గజేంద్రుడి ఘట్టం సొంత కళ్ళతో చదువుకొని ఆమె ఏడ్చారని అమ్మమ్మ చెప్పేది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కనబడే సంతోషం నిజమైనది. దానికి కారణం నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆ మనిషి ఎదగడం అమ్మమ్మకు కావాలి. ఆ కోరికకు ఏ షరతూ లేదు.

లూకా సువార్త మామ్మగారు తర్వాత చదివారు. అది పూర్తిచేసి ఆమె అడిగిన మాట మా ఇంట్లో తరాలుగా చెప్పుకుంటున్నాం. "టీచరమ్మా, ఇందులో ఇంతమంది విధవలున్నారేం?" అన్నారట. నిజమే. దేవాలయం విడిచి వెళ్ళని ముసలి అన్న ఉంది. సారెపతు విధవరాలి ప్రస్తావన ఉంది. నాయీను ఊరి గవిని దగ్గర ఒక్కగానొక్క కొడుకు పాడె వెంట నడుస్తున్న తల్లి ఉంది. న్యాయాధిపతిని విసిగించి న్యాయం చేయించుకున్నామె ఉంది. కానుకపెట్టెలో రెండు కాసులు వేసినామె ఉంది. అన్నేళ్ళుగా ఆ పుస్తకాన్ని చేతబట్టుకొని తిరుగుతున్న అమ్మమ్మకు, తనూ విధవరాలై ఉండి, అదంతా ఒక వరసలో ఎప్పుడూ తట్టలేదట. బోధించడానికి వెళ్ళిన ఇంట్లో తనకే బోధ దొరికింది. ఆ వారం మా గుడిలో స్త్రీల కూటంలో అమ్మమ్మ లూకాలోని విధవరాళ్ళ గురించి చెప్పింది. ఎవరు చూపించారో కూడా చెప్పింది.

పాటల సంగతీ అంతే. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) రాసినవాటిలో మంచి కర్ణాటక సంగీతం ఉంది. కానీ మా పల్లె గుడిలో కంజీర మోతలో రాగం ఎటు పోయేదో ఎవరికీ పట్టింపు లేదు. మామ్మగారు సంగీతం ఎవరి దగ్గరా కూర్చొని నేర్చుకోలేదు. తమ్ముళ్ళకు మాస్టారు పాఠం చెబుతుంటే గోడ ఇవతల వినివిని పట్టుకున్నారు. అమ్మమ్మ ఓ కీర్తన పాడుతుంటే ఆపి, "టీచరమ్మా, పుస్తకంలో కాంభోజి అని రాసుందంటావు, నువ్వు పాడేది కాంభోజి కాదు" అని, గొంతు తగ్గించి, వంటింట్లోకి వినబడకుండా ఎత్తుకొని చూపించారు. అప్పట్నించీ మా గుడిలో ఆ పాట ఆ వరసలోనే నడిచింది. నేను ఎన్నో సంఘాల్లో పాడాను. ఆ వరస మా ఊరి వాళ్ళ గొంతులో తప్ప ఎక్కడా వినలేదు.

మామ్మగారు క్రైస్తవురాలు కాలేదు. చివరిదాకా తులసికోట ముందు దీపం పెట్టారు. ఆ ఇంటికి వెళ్ళి రావడం వృథా అని మా సంఘంలో కొందరు అన్నారు.

నెలాఖరున బైబిలు స్త్రీలు మిషనుకు నివేదిక పంపాలి. గళ్ళు గీసిన కాగితం. ఊరు, ఇల్లు, చదువు నేర్చుకుంటున్న వాళ్ళు, అమ్మిన పుస్తకాలు, చివరి గడిలో ఫలితం. అమ్మమ్మ నకళ్ళు రాసిపెట్టుకున్న నోటుబుక్కులు రెండు నా దగ్గర మిగిలాయి. వేరేవాళ్ళు ఆ చివరి గడిలో ఏం రాసేవాళ్ళో నాకు తెలియదు గానీ, అమ్మమ్మ నోటుబుక్కుల్లో పేజీలకు పేజీలు ఒకటే మాట: "మళ్ళీ రమ్మన్నారు." అక్కడక్కడ "రావద్దన్నారు". ఓ చోట "రావద్దన్నారు, పాప మాత్రం వీధి చివర దాకా వెంట వచ్చింది". పైవాళ్ళు ఓసారి పిలిచి, ఫలితమంటే బాప్తిస్మాల లెక్క అని వివరించారట. అమ్మమ్మ సరేనని తలూపి వచ్చి, తర్వాతి నెల కూడా అదే రాసింది. ఆమె మొండితనం నాకు తెలుసు కాబట్టి ఈ సంగతి నాకు ఆశ్చర్యం కలిగించదు. గౌరవం మాత్రం ఏటేటా పెరుగుతూ ఉంటుంది.

అయితే అగ్రహారానికి వెళ్ళడం ఆమెకు అంత కష్టం కాలేదని ఆమే అనేది. అంతకంటే కష్టమైనది మాదిగపల్లెకు వెళ్ళడం. మా గుడి మాలపల్లెలో ఉంది. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. మొదట్లో ఎవరి ద్వారా ఎవరికి సువార్త అందిందో ఆ దారినే సంఘాలు పెరిగాయి. గోడ అక్కడే కట్టుకుంది. మా రెండు పల్లెలకూ మధ్య ఓ కాలవ. ఒడ్డున నిలబడి పిలిస్తే పలికేంత దూరం. అటు వెళ్ళి అమ్మమ్మ ఓ ఇంట్లో మంచినీళ్ళు తాగి వచ్చిందని మా సంఘ పెద్దలే పంచాయితీ పెట్టారు. ఊరివాళ్ళు మన మీద చల్లే పసుపునీళ్ళు మనకు తెలుసు గదా, ఆ చెంబు మనమూ పట్టుకుంటే ఎట్లా అని ఆమె నిలదీసింది. కొన్నాళ్ళు ఆమెతో సరిగా మాట్లాడని వాళ్ళున్నారు. ఆమె వెళ్ళడం ఆపలేదు. చెప్పుల పని చేసే ఓ తాత ఇంట్లో సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పేది. ఆ పిల్లల్లో ఒకబ్బాయి గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల దాకా వెళ్ళి, ఆ తర్వాత సర్కారు బళ్ళో హెడ్మాస్టరయ్యాడు. సంఘం బయటికి వెళ్ళడమంటే హిందువుల దగ్గరికో ముస్లిముల దగ్గరికో వెళ్ళడమేనని ఇప్పుడు ఎవరన్నా అంటే నాకు ఆ కాలవ గుర్తొస్తుంది. మనలాంటి బైబిలే చేతబట్టుకొని కాలవ అవతల నిలబడ్డవాళ్ళు మనకు బయటివాళ్ళెట్లా అయ్యారు?

గుంటూరు ఆసుపత్రి కథ లేకుండా మా ప్రాంతంలో ఈ పని గురించి చెప్పడం కుదరదు. గుంటూరు జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆహ్వానం మీద 1842లో అమెరికా మిషనరీ హయ్యర్ అయ్యగారు అక్కడ దిగడంతో లూథరన్ మిషన్ మొదలైంది. నలభై ఏళ్ళ తర్వాత, 1883లో, డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. డాక్టరునని చెప్పుకున్నా, మిషన్ మొదట ఆమెను పంపింది వైద్యానికి కాదు. ఇళ్ళల్లో ఘోషాలో ఉన్న స్త్రీలకు చదువు చెప్పడానికి. ఆ ఇళ్ళ లోపలికి వెళ్ళాక కనిపించిందేమిటంటే, పరాయి మగవాడు నాడి చూడకూడదన్న కారణానికి కాన్పుల్లో చచ్చిపోతున్న ఆడవాళ్ళు. ఆమె చదువుతో పాటు వైద్యమూ మొదలుపెట్టింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఇప్పటికీ అది కుగ్లర్ ఆసుపత్రే. బోర్డింగులో చదువుకునే రోజుల్లో అమ్మమ్మ ఆమెను దూరం నుంచి చూసిందట.

ఆసుపత్రి ఎదుట ఏలూరు జమీందారు ఓ సత్రం కట్టించారు. ఆయన ఇంటి స్త్రీకి అక్కడ నయమైనందుకు కృతజ్ఞతగా. ఆచారం ఉన్నవాళ్ళు రోగిని లోపల చేర్చి, ఈ సత్రంలో తమ వంట తాము వండుకొని తీసుకెళ్ళేవాళ్ళు. నన్నడిగితే, సువార్త పనికి అంతకన్నా అందమైన గుర్తు మా జిల్లాలో లేదు. క్రైస్తవ డాక్టరమ్మ ఆచారాన్ని వదులుకొమ్మని రోగిని నిలదీయలేదు. హిందూ జమీందారు తన డబ్బుతో ఆ ఆసుపత్రికి మనుషులు రావడం సులువు చేశాడు. ఇద్దరికీ కావలసింది మంచం మీద ఉన్న మనిషి బతకడం.

కరణంగారి కోడలికి తొలికాన్పు అడ్డం తిరిగినప్పుడు మంత్రసాని చేతులెత్తేసింది. అర్ధరాత్రి కాలవ దాటి మా పల్లెకు లాంతరు వచ్చింది. లాంతరు పట్టుకొని వచ్చింది కరణంగారే. ఆయన అంతకుముందు మా వీధిలో అడుగు పెట్టలేదు. అమ్మమ్మ సంచి భుజాన వేసుకొని, వాళ్ళ బండిలో, ఆ అమ్మాయి తల ఒళ్ళో పెట్టుకొని రేపల్లె స్టేషను దాకా, అక్కడ్నించి పొద్దున రైల్లో తెనాలి మీదుగా గుంటూరు దాకా వెళ్ళింది. తల్లీబిడ్డా బతికారు. వాళ్ళు తిరిగొచ్చాక అమ్మమ్మ చూడ్డానికి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఆ రోజు మేం లేచి వచ్చాక వీధి మలుపు దగ్గర అలవాటుగా చెవి అటు పెట్టాను. చెంబు చప్పుడు లేదు.

ఆ రోజుల్లోనే అమెరికా పాలపొడి, గోధుమనూక, నూనె డబ్బాలు పల్లెలకు వచ్చేవి. మిషన్ కాంపౌండుకు వచ్చిన వాటిని పంచేటప్పుడు గుడికి వచ్చేవాళ్ళకే ముందన్న మాట వినిపించేది. గోధుమనూక కోసం మతం మారారని మమ్మల్ని ఎగతాళి చేసే మాటా ఊళ్ళో వినిపించేది. రెండూ అమ్మమ్మకు ముల్లులా గుచ్చుకునేవి. అప్పుడు ఆమె క్లౌ దొర కథ చెప్పేది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పనిచ్చి కూలి ఇచ్చాడు. పని చేసినవాళ్ళు బాప్తిస్మం అడిగితే కరువు తీరేదాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. కూటి కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదని. కరువు తీరి, ఇచ్చేందుకు ఆయన చేతిలో కూలీ లేదు నూకా లేదు, అప్పుడూ వాళ్ళు వచ్చి అడిగారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. జనం ఆ అంకెను చెప్పుకుంటారు. అమ్మమ్మ అంతకుముందు ఆయన ఆగిన నెలల గురించి చెప్పేది. "ఆగడం చేతకానివాడు ఇవ్వడానికి పోకూడదు" అనేది.

1977 నవంబరు 19. నేను అప్పుడు గుంటూరులో నర్సింగు చదువుతున్నాను. ఆ ఉప్పెన గురించి దివిసీమ వాళ్ళు చెప్పగా విన్నవాళ్ళకు నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకు ఊళ్ళే లేకుండా పోయాయి. సొర్లగొంది పేరు వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. 10,000 మంది దాకా పోయారని సర్కారు లెక్క. అంతకంటే చాలా ఎక్కువని అక్కడివాళ్ళ మాట. ఇటు రేపల్లె, నిజాంపట్నం వైపూ దెబ్బ తగిలింది. మా ఊళ్ళో గుడి కప్పు లేచిపోయింది. అయినా మా సంఘం వాళ్ళు కొద్దిరోజులకే బియ్యం, చింతపండు, పాతబట్టలు పోగుచేసుకొని అవతలి ఒడ్డుకు బయల్దేరారు. పెనుమూడి, పులిగడ్డల నడుమ అప్పటికి వంతెన లేదు. పడవలో రేవు దాటాలి. అమ్మమ్మకు అప్పటికి రిటైరై చాలా ఏళ్ళు. కాళ్ళ నొప్పులు. వద్దన్నా వినలేదు. నేను గుంటూరు నుంచి వచ్చి ఆమెతో కలిశాను.

అక్కడ అందరూ ఉన్నారు. కుళ్ళిన శవాలను తీసి దహనం చేస్తున్న ఆరెస్సెస్ కుర్రాళ్ళు, రామకృష్ణ మిషన్ స్వాములు, చర్చిల తరఫున కాసా అనే సహాయ సంస్థ వాళ్ళు, సిస్టర్లు, కాలేజీ పిల్లలు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఒకరి పార ఒకరు పుచ్చుకొని పనిచేశారు. ఎవరిది ఏ జెండానో ఆ వాసనలో ఎవరూ అడగలేదు. మాతో వచ్చిన ఓ బోధకుడు బియ్యం పొట్లంతో పాటు కరపత్రం పెట్టి పంచుదామన్నాడు. అమ్మమ్మ ఆయన చేతిలోంచి కరపత్రాల కట్ట తీసుకొని తన సంచిలో పెట్టుకుంది. "అయ్యగారూ, వీళ్ళకు ఇప్పుడు చదివే కళ్ళు లేవండి" అంది. ఆయన మారు మాట్లాడలేదు. సాయంత్రం దాకా మూటలు మోశాడు.

ఆమె ఆ సంచిలో ఇంటి నుంచి తెచ్చింది ఏమిటో అప్పుడు చూశాను. కొబ్బరినూనె సీసాలు, దువ్వెనలు, నల్లదారాలు. పిల్లలు పోయి, మొగుడు పోయి, ఇల్లు పోయి, ఉప్పునీటికి అట్టలు కట్టిన జుట్టుతో ఆడవాళ్ళు బడి వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఏడవడం కూడా అయిపోయింది వాళ్ళకు. అమ్మమ్మ ఒకామె వెనక కూర్చొని, "తల దువ్వనా అమ్మా?" అని అడిగింది. ఆమె పలకలేదు. వద్దనలేదు. నూనె రాసి, చిక్కు తీసి, కొసల నుంచి మెల్లగా పైకి దువ్వుతూ వచ్చింది. సగం జడ అల్లేసరికి ఆ తల్లి తన కూతురి పేరు చెప్పింది. ఆ తర్వాత ఇంకో పేరు. అమ్మమ్మ ఆ పేర్లను ఒక్కొక్కటీ తిరిగి పలుకుతూ దువ్వింది. పక్కనున్నామె తనంతట తనే జరిగి వచ్చి ముందు కూర్చుంది. అమ్మమ్మ నాకూ ఒక దువ్వెన ఇచ్చింది. నర్సుగా నా ఉద్యోగకాలమంతా నేను నేర్చుకున్న ఏ చికిత్సా దానికంటే పెద్దది కాదు.

మరో నెల తిరక్కుండా ఆమె మళ్ళీ రేవు దాటింది. క్రిస్మస్‌కు గుడి కప్పు వేయాలని మా సంఘం పోగుచేసిన డబ్బులో సగం ఆ ఊరి పడవలకు, వలలకు ఇచ్చారు. అక్కడ క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయా లేవా అని ఆ తీర్మానం చేసిన రాత్రి ఎవరూ అడగలేదని మా నాన్న చెప్పేవాడు. కాలవ అవతల నీళ్ళు తాగినందుకు పంచాయితీ పెట్టిన పెద్దల్లో బతికున్నవాళ్ళు కూడా ఆ తీర్మానం మీద సంతకం పెట్టారు. ఆ క్రిస్మస్ ఆరాధన తాటాకు పందిరి కింద జరిగింది.

మిషన్ డబ్బు తగ్గుతూ వచ్చింది. బైబిలు స్త్రీలు ఒక్కొక్కరే రిటైరయ్యారు, వాళ్ళ చోట్లలో కొత్తవాళ్ళను వేయలేదు. ఇప్పుడు మా సంఘాల్లో లోటు లేదు. చలువరాతి నేల, కీబోర్డు, డ్రమ్స్, తెర మీద పాట. వారంలో ఏ సాయంత్రం చూసినా ఏదో ఒక కూటం. అన్నీ మనవాళ్ళ ఇళ్ళల్లోనే, మనవాళ్ళ మధ్యే. మైకు వీధివైపు తిప్పి పెడతాం, మనుషులం లోపల ఉంటాం. ఇది నాకు నిజంగా బాధ. వీధిలో ఉన్నామె పేరు తెలియకుండా ఆమెకు వినిపించాలనుకోవడం నా మనసుకు ఎక్కదు. మా అమ్మమ్మ తరం వాళ్ళు ఒక వాకిట్లో ఏళ్ళ తరబడి నిలబడ్డారు. ఆ ఇంట్లో ఎవరికి నడుంనొప్పో, ఏ ఆవు ఈనిందో వాళ్ళకు తెలుసు.

ఈ మాట సంఘంలో అంటే కాలం మారిందంటారు, ఇప్పుడు తలుపు తడితే అనుమానంగా చూస్తారంటారు. అందులో నిజం ఉంది. కానీ అమ్మమ్మ కాలంలో తలుపులు బార్లా తెరిచి ఎవరూ ఎదురుచూడలేదు. గుంటూరు పెద్దాసుపత్రి వార్డుల్లో ఇప్పటికీ, పక్కన కూర్చొని వేడినీళ్ళు అందించే మనిషి లేని రోగులున్నారు. మా సంఘంలో ఇద్దరు ఆడవాళ్ళు, నేను, శనివారాలు అక్కడికి వెళుతున్నాం. మేం ముందు వెళ్ళేది ఎవరూ చూడ్డానికి రాని మంచం దగ్గరికి. ఫ్లాస్కు, గ్లాసులు, దువ్వెన, నూనె తీసుకెళతాం. ప్రార్థన చేయమని అడిగితే చేస్తాం. మొన్న ఓ సాయిబు తాత తన కోసం దువా చేయమంటే, ఆయన మంచం పక్కన నిలబడి నాకు తెలిసిన తెలుగులోనే చేశాను. ఆయన ఆమీన్ అన్నారు, నేను ఆమెన్ అన్నాను. మాతో రావడానికి కాలేజీ అమ్మాయి ఒకతె పేరిచ్చింది. ఆమెకు ముందు చెప్పిన జాగ్రత్త ఒకటే: వచ్చేవారం మళ్ళీ రాలేకపోతే ఈ వారం ఎవరికీ మాటివ్వొద్దని.

కరణంగారి కోడలు, ఆ రాత్రి బండిలో అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకున్న అమ్మాయి, ఇప్పుడు ముసలావిడ. గుంటూరు బ్రాడీపేటలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆ కొడుకు కుగ్లర్‌లో పుట్టినవాడే. ఈమధ్య బాత్రూములో పడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయి మంచం మీద ఉంది. కొడుకు నా నంబరు ఎట్లాగో పట్టుకొని, "అక్కా, అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది" అన్నాడు. వెళ్ళాను. పడకపుళ్ళు పడకుండా ఎట్లా తిప్పి పడుకోబెట్టాలో ఆమె కోడలికి చూపించాను. ముసలావిడకు మామ్మగారి గొంతు ఇంకా గుర్తుంది. కాంభోజి ఎత్తుకోమంటే ఎత్తుకున్నాను, రెండో చరణంలో ఆమే అందుకుంది. ఆ పాట మాటలు ఆమెకు ఎట్లా వచ్చని అడిగితే, మామ్మగారు మడిలో వంట చేసుకుంటూ రోజూ పాడుకునేవారంది. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అమ్మమ్మకు తెలుసో లేదో.

లూకా సువార్త చదవాలని ఉందట, చూపు ఆనడం లేదు. పెద్దక్షరాల పుస్తకం ఒకటి సంపాదించాను. గురువారం వస్తానని చెప్పాను. వాళ్ళ కోడలు ఫోను చేసి, భోజనానికి ఉండేట్టు రమ్మంది, ఏం కూర చేయమంటారని అడిగింది. గోంగూర పచ్చడి చాలన్నాను.